బరువు తగ్గించే ఇంజక్షన్లు: పీసీఓఎస్ చికిత్సలో వాటి చోటెంత?

వారానికోసారి పొట్ట మీద చర్మం కింద వేసుకునే ఇంజక్షన్ ఒకటి ఇప్పుడు పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) చికిత్స గురించిన చర్చలోకి బలంగా వచ్చింది. మౌంజారో పేరుతో టిర్జెపటైడ్ 2025 మార్చిలో, వెగోవీ పేరుతో సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. 2026 మార్చిలో సెమాగ్లూటైడ్‌పై ఇక్కడి పేటెంట్ గడువు తీరింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సహా పలు భారతీయ కంపెనీలు జనరిక్ రకాల తయారీకి ముందునుంచే సిద్ధపడ్డాయి. డబ్బున్నవాళ్లకే అనుకున్న మందు మధ్యతరగతికి అందే కాలం వచ్చింది. నెలసరి తప్పుతూ, మొటిమలతో, గడ్డం కింద రోమాలతో, ఎంత ప్రయత్నించినా తగ్గని బరువుతో సతమతమవుతున్న యువతులకు ఇది మేలు చేస్తుందా? చాలామందికి చేయగలదు. అయితే ఇది పీసీఓఎస్‌ను మొత్తంగా నయం చేసే మందు కాదు, ఆ సమస్యను నడిపే కారణాల్లో ఒకదాని మీద పనిచేసే మందు. ఎవరికివ్వాలి, ఎంతకాలం ఇవ్వాలి, మేలు జరిగిందని దేన్నిబట్టి తేల్చాలి అనే మూడు ప్రశ్నలకూ సరైన జవాబు ఈ తేడాను గుర్తుంచుకుంటేనే దొరుకుతుంది.

ముందు జబ్బు సంగతి చూద్దాం. 1935లో షికాగో వైద్యులు ఇర్వింగ్ స్టెయిన్, మైఖేల్ లెవెంథాల్ నెలసరి సరిగా రాని ఏడుగురు స్త్రీలలో ఉబ్బిన అండాశయాలను గమనించి వర్ణించారు. అప్పటినుంచి చాలాకాలం దీన్ని అండాశయంలో పుట్టిన జబ్బుగానే చూశారు. మన దగ్గర ఇప్పటికీ స్కానింగ్ రిపోర్టు చూసి ‘నీటి బుడగలున్నాయి’ అనేస్తుంటారు. నిజానికి అవి ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండపుటికలు. 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన నిర్ధారణ సూత్రాల ప్రకారం అండం సక్రమంగా విడుదల కాకపోవడం, మగ హార్మోన్లనే ఆండ్రోజెన్ల ప్రభావం ఎక్కువగా ఉండటం, స్కానింగ్‌లో అండాశయాల తీరు మారడం అనే మూడింటిలో రెండుంటే, అలాంటి లక్షణాలే చూపే ఇతర జబ్బులు లేవని తేలితే, అది పీసీఓఎస్. అంటే బుడగలు కనిపించకపోయినా జబ్బు ఉండవచ్చు, కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో సంతానవయసు స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి ఈ సమస్య ఉంది, వాళ్లలో 70 శాతం దాకా తమకు ఉందని తెలియకుండానే బతుకుతున్నారు.

ఈ లక్షణాలన్నిటినీ కలిపి నడిపే దారం చాలామందిలో ఇన్సులిన్. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా విననప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. దాంతో కొంతకాలం షుగరు అదుపులోనే ఉంటుంది, పరీక్షల్లో తేడా కనిపించకపోవచ్చు. కానీ అండాశయం ఆ అదనపు ఇన్సులిన్‌కు స్పందిస్తూనే ఉంటుంది. మెదడు కింది పీయూష గ్రంథి నుంచి వచ్చే ఎల్‌హెచ్ హార్మోనుతో కలిసి ఇన్సులిన్ అక్కడి కణాల చేత ఎక్కువ ఆండ్రోజెన్లు తయారు చేయిస్తుంది. మరోపక్క కాలేయం రక్తంలోకి వదిలే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ తగ్గుతుంది. ఆండ్రోజెన్లను పట్టి ఉంచేది ఈ ప్రొటీనే కాబట్టి స్వేచ్ఛగా తిరిగే మగ హార్మోన్ పెరుగుతుంది. అండం ఎదగదు, నెలసరి తప్పుతుంది, అవాంఛిత రోమాలు వస్తాయి. పొట్టలో కొవ్వు చేరేకొద్దీ ఇన్సులిన్ నిరోధకత ముదురుతుంది, అది ముదిరేకొద్దీ ఈ వరస మళ్లీ మొదటికొస్తుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన షరతు ఉంది. 1989లో ఆండ్రియా డునైఫ్ బృందం సన్నగా ఉన్న పీసీఓఎస్ స్త్రీలలోనూ ఇన్సులిన్ నిరోధకత ఉంటుందని చూపింది. కాబట్టి బరువు ఈ వలయంలో ఒక లంకె, మూలం మొత్తం అదే కాదు.

కొత్త ఇంజక్షన్లు పట్టుకునేది ఆ లంకెనే. భోజనం చేసినప్పుడు పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వెలువడుతుంది. అది షుగరు పెరిగినప్పుడు ఇన్సులిన్ విడుదలకు సాయపడుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, ఇక చాలని మెదడుకు చెబుతుంది. శరీరంలో సహజంగా పుట్టేది రెండు నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుంది. అమెరికా ఎడారుల్లో ఉండే గీలా మాన్‌స్టర్ అనే బల్లి జాతి జీవి విషంలో జాన్ ఎంగ్ కనుగొన్న పదార్థం అలా త్వరగా విచ్ఛిన్నం కాదని తేలాక మందుల దారి తెరుచుకుంది. దాని ఆధారంగా వచ్చిన ఎక్సెనటైడ్‌కు 2005లో అనుమతి దొరికింది. ఆ తర్వాత రోజూ వేసుకునే లిరాగ్లూటైడ్, వారానికోసారి సరిపోయే సెమాగ్లూటైడ్ వచ్చాయి. టిర్జెపటైడ్ జీఐపీ అనే మరో పేగు హార్మోన్ పనిని కూడా చేస్తుంది. మధుమేహం లేని అధిక బరువున్నవాళ్లలో 68 వారాల పరీక్షలో సెమాగ్లూటైడ్ సగటున 14.9 శాతం బరువు తగ్గించగా ఉత్తుత్తి మందు 2.4 శాతం తగ్గించింది. టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదు 72 వారాల్లో 20.9 శాతం తగ్గించింది. పీసీఓఎస్‌లో 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి మెరుగుపడటం వైద్యులకు చాలాకాలంగా తెలుసు. అందుకే ఈ అంకెలు ఆశ పెంచాయి.

అయితే ఆ పెద్ద పరీక్షలు పీసీఓఎస్ కోసం చేసినవి కావు. దానికోసమే చేసినవి చిన్నవి. 2008లో 60 మంది మీద 24 వారాలు జరిపిన అధ్యయనంలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవారిలో అండం విడుదల రేటు 29 శాతం, ఎక్సెనటైడ్ ఒక్కటే వాడినవారిలో 50 శాతం, రెండూ కలిపితే 86 శాతం వచ్చింది. 2022లో వెలువడిన లిరాగ్లూటైడ్ పరీక్షలో 57 శాతం మంది కనీసం 5 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి మందు వాడినవారిలో అలా తగ్గింది 22 శాతమే. స్వేచ్ఛా ఆండ్రోజెన్ సూచీ కూడా దిగింది. 2023లో ఇటలీ వైద్యులు ఆహార, వ్యాయామ మార్పులతో ఫలితం కనిపించని 27 మందికి తక్కువ మోతాదులో సెమాగ్లూటైడ్ ఇచ్చి చూశారు. దాదాపు 80 శాతం మంది 5 శాతానికి పైగా తగ్గారు, అలా తగ్గినవారిలో ఎక్కువమందికి నెలసరి గాడిన పడింది. కానీ ఇందులో పోల్చడానికి వేరే బృందం లేదు. పరోక్షంగా మరో సాక్ష్యం శస్త్రచికిత్స నుంచి వచ్చింది. 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ పరీక్షలో 80 మంది పీసీఓఎస్ స్త్రీలను రెండు బృందాలు చేస్తే, బరువు తగ్గించే సర్జరీ జరిగినవారిలో ఏడాదిలో వాటంతటవే విడుదలైన అండాలు సర్జరీ జరగని రెండో బృందంతో పోలిస్తే రెండున్నర రెట్లు. దీన్నిబట్టి అధిక బరువున్నవారిలో ఈ లంకెను గట్టిగా సడలిస్తే అండాశయం స్పందిస్తుందనడం సమంజసమే. పెద్ద పరీక్షలు జరగాల్సే ఉన్నాయి. ఈ మందుల్లో దేనికీ పీసీఓఎస్ చికిత్స పేరుతో ప్రత్యేక అనుమతి లేదు. 2023లో మొనాష్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా అధిక బరువున్న వయోజనులకు, జీవనశైలి మార్పులతో కలిపి వీటిని పరిశీలించవచ్చని మాత్రమే చెప్పాయి.

తిండి తగ్గించి నడిస్తే పోయేదానికి సూదులెందుకన్నది మొదటి అభ్యంతరం. ఆహారం, వ్యాయామం అందరికీ అవసరమే. బరువు దిగకపోయినా వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరు మెరుగవుతుంది. కానీ తగ్గిన బరువును నిలబెట్టుకోలేకపోవడం క్రమశిక్షణ లోపమన్న భావన విజ్ఞానం ముందు నిలవదు. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆహార నియమంతో బరువు తగ్గినవారిని ఏడాది తర్వాత పరీక్షిస్తే, ఆకలి పెంచే హార్మోన్ మార్పులు అప్పటికీ అలాగే ఉన్నాయి. శరీరమే పోయిన బరువును వెనక్కి లాగుతుంటే, అప్పటికే ఇన్సులిన్ ఎక్కువగా ఉన్న స్త్రీని ‘నోరు కట్టుకోలేవా’ అని నిందించడం అన్యాయం. ఆ ఆకలిని తగ్గించే మందు ఆహార నియమానికి పోటీ కాదు, ఆ నియమాన్ని పాటించగలిగేలా చేసే సాయం.

చవకైన మెట్‌ఫార్మిన్ ఉండగా ఇదెందుకన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. షుగరు, ఇన్సులిన్ ఇబ్బందులున్నవారికి మెట్‌ఫార్మిన్ ఇప్పటికీ మంచి మందు, దశాబ్దాల అనుభవమున్న మందు. అయితే దానితో తగ్గే బరువు స్వల్పం. నెలసరికీ అవాంఛిత రోమాలకూ గర్భనిరోధక మాత్రలు, పిల్లలు కావాలనుకునేవారికి లెట్రోజోల్ ఇప్పటికీ ముందువరసలోనే ఉన్నాయి. 2014లో 750 మందిపై జరిగిన పరీక్షలో లెట్రోజోల్‌తో 27.5 శాతం మందికి, అదే పనికి వాడే క్లోమిఫీన్‌తో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. ఇంత పెద్ద ఆధారం ఇంజక్షన్లకు ఇంకా లేదు. కాబట్టి పాత మందులను పక్కనపెట్టి సూదిని మొదటే అందుకోవడం తొందరపాటు. వాటితో పాటు, అధిక బరువు ప్రధాన సమస్యగా ఉన్నవారికి దాన్ని చేర్చడం వివేకం.

మానేస్తే బరువు తిరిగొస్తుందన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. ఇది నిజం. సెమాగ్లూటైడ్ పరీక్షలో మందు ఆపిన ఏడాదిలోనే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చింది. రక్తపోటు మాత్ర ఆపితే రక్తపోటు పెరుగుతుంది, అందుకని ఆ మాత్ర పనికిరాదని ఎవరూ అనరు. అయితే ఇరవై రెండేళ్ల అమ్మాయికి ఏళ్ల తరబడి వాడాల్సిన మందు మొదలుపెడుతున్నామన్న సంగతి మొదటిరోజే చెప్పాలి. ఖర్చు, వికారం, వాంతులు, మలబద్ధకం, పిత్తాశయ రాళ్ల ముప్పు, అరుదుగా క్లోమం వాపు, ఇవన్నీ ఆ లెక్కలో ఉండాలి. మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ కుటుంబంలో ఉన్నవారికి ఇవ్వకూడదు. పైగా సెమాగ్లూటైడ్ పరీక్షలో పోయిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కాని కణజాలమే. భోజనం తర్వాత గ్లూకోజ్‌ను ఎక్కువగా తీసుకునేవి కండరాలే. మన దేశంలో సన్నగా కనిపించేవారిలో కూడా కొవ్వు పాలు ఎక్కువ, కండ తక్కువ. అందుచేత పప్పులు, గుడ్లు, పెరుగు వంటి ప్రొటీన్ ఆహారం, బరువులెత్తే వ్యాయామం లేకుండా ఇంజక్షన్ ఒక్కటే వాడితే, ఇన్సులిన్‌కు స్పందించే కండరాన్నే పోగొట్టుకుంటాం.

గర్భం విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. ఈ మందులు గర్భిణులకు సురక్షితమని చూపే ఆధారం లేదు. సెమాగ్లూటైడ్ శరీరంలో చాలాకాలం నిలుస్తుంది కాబట్టి గర్భానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. ఏళ్లుగా నెలసరి సరిగా రాని స్త్రీ తనకు గర్భం రాదనుకుని జాగ్రత్త పడకపోవచ్చు. మందు పనిచేసి అండం విడుదల మొదలైతే, ఆ ధీమాయే అనుకోని గర్భానికి దారి తీస్తుంది. టిర్జెపటైడ్ నోటి గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని కూడా తగ్గించగలదు. అందుకే మొదలుపెట్టాక నాలుగు వారాలూ, మోతాదు పెంచిన ప్రతిసారి మరో నాలుగు వారాలూ కండోమ్ వంటి అదనపు రక్షణ వాడాలి, లేదా నోటిమాత్ర కాని పద్ధతికి మారాలి. ఇంజక్షన్ రాసిచ్చే వైద్యులు పెళ్లి కాని అమ్మాయితోనైనా ఈ మాట మొహమాటం లేకుండా, ఏకాంతంగా మాట్లాడాలి.

మందు ఎవరికన్నది వీటన్నిటినుంచే తేలుతుంది. వయోజనురాలై, అధిక బరువుతో, ఇన్సులిన్ నిరోధకత ఆనవాళ్లతో, మెడ నల్లబడటం, షుగరు ముందుదశ, కాలేయంలో కొవ్వు వంటివాటితో ఉన్న స్త్రీకి ఇది ఆలోచించదగ్గ మార్గం. భారతీయులకు బీఎంఐ 25 దగ్గరే ఊబకాయం మొదలైనట్టు మన వైద్యులు లెక్కిస్తారు కాబట్టి, పాశ్చాత్య కొలతలతో నిర్ణయించడమూ పొరపాటే. సన్నగా ఉన్న పీసీఓఎస్ స్త్రీకి ఇవి సాయపడతాయనే గట్టి ఆధారం లేదు. పెళ్లిచూపులకు ముందు నాలుగు కిలోలు తగ్గాలని, ఇంట్లోవాళ్లు పట్టుబట్టారని మందుల షాపులో కొనుక్కోవడం ఏ వైద్యసూత్రానికీ సరిపోదు. కుటుంబం ఆమె బరువును నిలదీస్తుంది గానీ, ఆమె నెలసరి మూడు నెలలుగా రాలేదన్న సంగతిని పట్టించుకోదు. ప్రమాదం ఉన్నది ఆ రెండోదానిలో. చాలాకాలం నెలసరి లేకుంటే గర్భాశయ పొర మందమవుతుంది, క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

కాబట్టి చికిత్స ఫలితాన్ని బరువు తూచే యంత్రానికి వదిలేయకూడదు. మొదలుపెట్టేముందే నెలసరుల మధ్య రోజులు, టెస్టోస్టెరోన్ స్థాయి, మూడు నెలల సగటు షుగరు తెలిపే హెచ్‌బీఏ1సీ, కొవ్వుల పరీక్ష, నడుము కొలత రాసిపెట్టుకుని ఆరు నెలలకోసారి పోల్చి చూడాలి. బరువు తగ్గినా నెలసరి రాకపోతే ఆ స్త్రీలో పీసీఓఎస్‌ను నడుపుతున్నది మరో లంకె కావచ్చు, దానికి మందు వేరు. బరువు కొంచెమే తగ్గినా నెలసరి, షుగరు గాడిన పడితే ఆ మందు తన పని చేసినట్టే. ఈ కొలతలు ముందుంచుకుని గైనకాలజిస్టు, ఎండోక్రైనాలజిస్టు కలిసి నిర్ణయించినప్పుడు, ఎప్పుడు ఆపాలో ఎలా ఆపాలో ముందే మాట్లాడుకున్నప్పుడు, ఈ ఇంజక్షన్లు పీసీఓఎస్ చికిత్సకు నిజమైన బలం. ధర దిగుతున్న ఈ సమయంలోనే ఆ పద్ధతిని అలవాటు చేసుకోవాలి. మందు అందరికీ అందడం మంచిదే, అవసరమున్నవారికి సరైన పర్యవేక్షణతో అందినప్పుడే ఆ మంచి ఆడపిల్లల ఆరోగ్యంగా మారుతుంది.