విసిరిన చేయే విరిగితే!

చెట్టు మీది నుంచి పడితే చేయి విరుగుతుందంటే ఎవరైనా నమ్ముతారు. బంతి విసిరినందుకే విరిగిందంటే నవ్వుతారు. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా అలాగే నవ్వాము.

వేసవి సెలవులయ్యాక మొదటి పెద్ద మ్యాచ్ అది. టెన్త్ అన్న ఒకరు బౌండరీ దగ్గర బంతి అందుకొని, ఒక్క ఊపున వికెట్ల మీదికి విసిరాడు. కర్ర విరిగినట్టు 'టప్'మని వినిపించింది. అన్న చేయి పట్టుకొని అక్కడే కూలబడ్డాడు. బంతి తగల్లేదు, కింద పడలేదు, ఎవరూ తాకలేదు. నటిస్తున్నాడని కొందరన్నారు. భుజం జారిందని కొందరు చేయి పట్టి లాగారు. ఆ లాగినవాళ్ళలో మేమూ ఉన్నాము. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తే దండచేయి ఎముక రెండు ముక్కలై ఉంది.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళు మాతోనే మొదలు. అంతవరకు మాకు ఎముక విరగడమంటే నాటు కట్టు ఒక్కటే తెలుసు. వ్యాయామ విద్యలో పి.జి.కి వచ్చాకే ఆ రోజు జరిగిందేమిటో అర్థమైంది.

దండచేతిలో ఉండేది ఒకే ఎముక, భుజాస్థి. గట్టిగా విసరడానికి చేతిని వెనక్కి తిప్పుతాం కదా, అప్పటికే నడుము, ఛాతీ ముందుకు తిరిగి ఉంటాయి. ఛాతీ కండరాలు, వీపు కండరాలు ఎముక పైభాగాన్ని ఒక్కసారిగా లోపలికి తిప్పుతాయి. కానీ ముంజేయి, బంతి ఇంకా వెనకే ఉంటాయి. పైకొస ఒకవైపు, కింది కొస ఇంకోవైపు. ఆదివారం మనం తడి దుప్పటిని చెరో కొస పట్టుకొని పిండుతామే, సరిగ్గా అదే. ఎముక బరువును బాగా మోస్తుంది, మెలికను అంతగా తట్టుకోదు. ఒక చాక్‌పీసు తీసుకొని రెండు చేతులతో మెలిపెట్టి చూడండి. అడ్డంగా కాక ఏటవాలుగా, మర చుట్టులా విరుగుతుంది. అన్న ఎక్స్‌రేలో కనిపించిన గీత అలాంటిదే.

పేరున్న ఆటగాళ్ళకూ ఇది తప్పలేదు. అమెరికా బేస్‌బాల్‌లో టామ్ బ్రౌనింగ్‌కు 1994లో, టోనీ సాండర్స్‌కు 1999లో బంతి విసురుతుండగానే చేయి విరిగింది. సాండర్స్ మళ్ళీ ఆడాలని వస్తే 2000లో అదే చేయి మళ్ళీ విరిగింది. ఏళ్ళ తరబడి విసిరేవాళ్ళ ఎముక ఆ చేతిలో మందంగా పెరుగుతుంది. చాలాకాలం ఊరుకొని ఒక్కసారిగా బలమంతా పెట్టి విసిరేవాళ్ళకు ఆ రక్షణ తక్కువ. ఎముక చాలామందిలో ముందే హెచ్చరిస్తుంది కూడా. కొన్ని రోజులుగా దండచేయి లోపల నొప్పి ఉంటుంది. మన అన్న పది రోజులుగా రాత్రిళ్ళు బామ్ రాసుకుంటున్నాడని తర్వాత తెలిసింది. చెబితే టీములోంచి తీసేస్తారని దాచాడు.

చిన్న తరగతుల తమ్ముళ్ళకు ఇంకో మాట. ఎదిగే వయసులో భుజం దగ్గర ఎముక పెరిగే చోటు మెత్తగా ఉంటుంది. విసిరినప్పుడల్లా అక్కడ నొప్పి వస్తుంటే ఆట ఆపి డాక్టరుకు చూపించాలి.

విరిగిన చేతిని లాగడం ఎందుకు తప్పంటే, ఆ ఎముకను చుట్టుకొని రేడియల్ నాడి పోతుంది. అది నలిగితే మణికట్టు పైకి లేవదు, వేళ్ళు చాచలేము. కాబట్టి లాగొద్దు, నూనెతో మర్దన వద్దు. తువ్వాలుతో చేతిని మెడకు వేలాడదీసి, ఇంకో తువ్వాలుతో ఒంటికి చేర్చి కట్టాలి. మణికట్టు, బొటనవేలు లేపగలుగుతున్నాడో లేదో చూసి, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. కొందరికి కట్టుతోనే అతుకుతుంది, కొందరికి ప్లేటు వేస్తారు. నలిగిన నాడి చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే కోలుకుంటుంది.

అన్న మణికట్టు నాలుగు నెలలు లేవలేదు. పరీక్షల నాటికి పెన్ను పట్టగలిగాడు. విసిరినప్పుడే నలిగిందో, మేము లాగినప్పుడు నలిగిందో ఎవరూ చెప్పలేరు. లాగిందెవరో అన్నకు ఇప్పటికీ తెలియదు. ఈ సంచిక పాత విద్యార్థులందరికీ పంపుతారు కాబట్టి, ఇక తెలుస్తుంది.