హీటర్ వెలుగుతోంది, చేపకి చలేస్తోంది

మొన్న సంక్రాంతి సెలవులకి విజయనగరం వెళ్ళాను. బ్యాగు కింద పెట్టక ముందే మామ్మ అన్న మొదటి మాట: "ఒరే, నీ చేపలు రెండు పోయాయిరా."

మాది నాలుగడుగుల అక్వేరియం. ఇంటర్ అయ్యాక నేనే పట్టుబట్టి నాన్న చేత కొనిపించాను. నేను హాస్టల్‌కి వచ్చేశాక దాన్ని చూసుకునేది నాన్నే. పోయినవి రెండు క్లౌన్ లోచ్‌లు. మిగిలిన రెండింటి ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు. నీళ్ళు చల్లబడి నీరసించిన చేపలకి తొందరగా అంటుకునే జబ్బు అది.

"హీటర్ వెయ్యలేదా నాన్నా?" అని కాస్త గట్టిగానే అడిగాను.

"రాత్రంతా వేసే ఉంచాన్రా. లైటు వెలగడం కూడా చూశాను" అన్నారు.

200 వాట్ల హీటరు, 26 డిగ్రీలకి సెట్ చేసి ఉంది. అనుమానం వచ్చి ఆ రాత్రి రెండు థర్మామీటర్లు పెట్టి చూశాను. పైన 26. అడుగున ఇసక దగ్గర 22. లోచ్‌లు తిరిగేది అడుగునే. మరి హీటరు చేస్తున్నదేంటి?

అసలు మనకి హీటర్ ఎందుకు?

శ్రీకాకుళం, విజయనగరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు హీటర్ అక్కర్లేదు. మే నెలలో అయితే నీళ్ళు చల్లబరచడమే పెద్ద పని. కానీ డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి 20 డిగ్రీల కిందకి దిగుతుంది. గోల్డ్ ఫిష్‌కి అది లెక్కే కాదు. క్లౌన్ లోచ్ సొంతూరు బోర్నియో, సుమత్రా. ఏంజెల్ ఫిష్‌ది అమెజాన్. వీటికి 25 డిగ్రీలు దాటి ఉంటేనే హాయి.

వేడి ఎటు పోతోంది?

మా తొట్టిలో నీళ్ళు 200 లీటర్లు. గది 20 డిగ్రీలు, నీళ్ళు 26 అనుకుందాం. తేడా 6 డిగ్రీలు.

మొదటి దారి అద్దాలు. నాలుగు పక్కలా కలిపి నీళ్ళు తగిలే అద్దం సుమారు 1.2 చదరపు మీటర్లు. దాని గుండా దగ్గర దగ్గర 60 వాట్లు బయటికి పోతాయి. అద్దం మందంగా ఉంటే వేడి ఆగుతుందని నేనూ అనుకునేవాణ్ణి. కానీ వేడిని ఎక్కువగా అడ్డుకునేది అద్దం కాదు, దాన్ని అంటిపెట్టుకుని ఉండే పల్చటి గాలి పొర. 8 మిల్లీమీటర్ల అద్దం అడ్డుకునేది అందులో పదో వంతు కూడా ఉండదు. ఫ్యాన్ వేస్తే ఆ గాలి పొర కూడా చెదిరిపోతుంది.

రెండో దారి ఆవిరి. మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మనందరికీ తెలుసు. మూత లేని అక్వేరియంలో జరిగేదీ అదే. ఒక లీటరు నీరు ఆవిరైపోతూ సుమారు 2,430 కిలోజౌళ్ళ వేడిని పట్టుకుపోతుంది. రోజుకి లీటరున్నర తగ్గుతోందంటే, 42 వాట్లు పైనుంచి ఎగిరిపోతున్నట్టే.

మొత్తం సుమారు 100 వాట్లు. అంటే మా 200 వాట్ల హీటరు బొటాబొటీది కాదు, రెట్టింపు ఉంది. తప్పు దాని శక్తిలో లేదు, అది ఉన్న చోటులో ఉంది.

థర్మోస్టాట్‌కి కనిపించేది ఎంత?

సీఎస్ఈ భాషలో చెప్పాలంటే హీటర్ ఒక చిన్న లూప్. వేడి తక్కువుంటే ఆన్, సరిపోతే ఆఫ్. ఆ కండిషన్ చూసే థర్మోస్టాట్ గొట్టం పైభాగంలో ఉంటుంది. తొట్టి మొత్తం సంగతి దానికి తెలీదు, తన చుట్టూ ఉన్న నీళ్ళే తెలుసు.

మా హీటరు వెనక మూలన, పైన, నిలువుగా ఉంది. వేడెక్కిన నీళ్ళు తేలికై గొట్టం పక్కనుంచే పైకి వెళ్ళి నేరుగా థర్మోస్టాట్‌కి తగులుతాయి. అది "26 వచ్చేసింది" అనుకుని ఆపేస్తుంది. అడుగున చల్లటి నీళ్ళు అలాగే ఉండిపోతాయి. పగలు ఫిల్టర్ నీటిని కలుపుతుంది కాబట్టి బయటపడలేదు. రాత్రి ఆ చప్పుడుకి హాల్లో పడుకునే మామ్మకి నిద్ర పట్టడం లేదని నాన్న ఫిల్టర్ ఆపేస్తున్నారు. కోడ్‌లో బగ్ లేదు, ఇన్‌పుట్ తప్పు.

ఇంతకీ హీటర్‌ని ఆ మూలన అతికించింది ఎవరంటే, నేనే.

ఇప్పుడు ఎలా పెట్టాం?

హీటరు కిందకి, అడ్డంగా, ఫిల్టర్ నీళ్ళు పారే దారిలో ఉండాలి. ఇసకకి గానీ అద్దానికి గానీ గొట్టం తగలకూడదు. పూర్తిగా ముంచి వాడే రకమైతేనే అడ్డంగా పెట్టాలి. డబ్బా మీద చూసుకోండి.

పెద్ద తొట్టికి ఒక 200 వాట్ల హీటరు బదులు రెండు 100 వాట్లవి చెరో చివర పెట్టడం మేలు. థర్మోస్టాట్ అతుక్కుపోయి ఆగకుండా పనిచేస్తే, మా తొట్టి లెక్కలో 200 వాట్లు నీటిని గది కన్నా 12 డిగ్రీలు పైకి లేపుతాయి. పగలు గది 27 ఉంటే నీళ్ళు 39, చేపల పులుసే. 100 వాట్లయితే 6 డిగ్రీలే. ఒకటి కాలిపోయినా రెండోది కాపు కాస్తుంది.

వెనకా పక్కలా రెండు సెంటీమీటర్ల థర్మాకోల్ అతికిస్తే అక్కడ పోయే వేడి అయిదో వంతుకి పడిపోతుంది. పైన అద్దం మూత వేస్తే ఆవిరీ తగ్గుతుంది. మొత్తం నష్టం సగానికి దిగుతుంది, కరెంటు బిల్లు కూడా. నీళ్ళు మార్చే ముందు స్విచ్ ఆపి పావుగంట ఆగండి. వేడి గొట్టం గాలికి తేలితే పగులుతుంది.

కరెంటు పోతే?

కంగారు పడక్కర్లేదు. 200 లీటర్లు మొదటి గంటలో చల్లబడేది అర డిగ్రీ లోపే. చిన్న తొట్టె అయితే ఇంతకన్నా చాలా తొందరగా చల్లబడుతుంది. అసలు భయం ఆక్సిజన్‌ది. 20 డిగ్రీల నీటిలో లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టే ఆక్సిజన్, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు హీటర్ కన్నా బ్యాటరీ ఎయిర్ పంపు ముందు గుర్తు రావాలి.

మందు వేసి, నీటి వేడిని రోజుకి ఒక డిగ్రీ చొప్పున పెంచుకుంటూ పోతే ఒక లోచ్ బతికింది. రెండోది కనుమ రోజున పోయింది. ఫిల్టర్‌కి చప్పుడు చెయ్యని మోటారు మార్చాం. వచ్చేసే రోజున నాన్నకి "సారీ నాన్నా, హీటర్ తప్పు చోట పెట్టింది నేనే" అని చెప్పాను.

"తెలుసులేరా" అన్నారు. "థర్మామీటర్ ఎక్కడ పెట్టాలో అది చెప్పు."

అడుగున, హీటర్‌కి దూరంగా ఉన్న చివర. మీరు కూడా అక్కడే పెట్టండి.