గెలుపెఱుగని హరు ఉరారాకు అరిమా పందెము

జపానుదేశమున డిసెంబరు మాసాంతమున, టోక్యో నగరమునకు తూర్పుగా నున్న ఛీబా ప్రాంతమందలి నకయామా మైదానములో, అరిమా కినెన్ అను గుఱ్ఱపు పందెము జరుగును. 1956లో వేఱొక పేరుతో ఆరంభమై, దానిని తలపెట్టిన అరిమా యోరియాసు మఱుసటి యేటి తొలినాళ్లలోనే గతించుటచే 1957 నుండి ఆయన పేరట నడచుచున్న యీ పందెమునందు పాల్గొను గుఱ్ఱములను చాలవఱకు అభిమానులే ఓట్లు వేసి యెన్నుకొందురు గావున, తక్కిన యేడంతయు పందెముల జోలికి పోని గృహస్థులు సైతము ఆనాడు దాని ఫలితమునకై యెదురుచూచుచుందురు. బాట పొడవు 2500 మీటర్లు, అంతయు పచ్చిక, మలుపులు ఆఱు, ప్రేక్షకుల యెదుటినుండి రెండుమాఱులు సాగి, రెండుమాఱులును ఒక మిట్ట నెక్కవలెను. ఆ మిట్ట రెండవసారి యెదురగునది గమ్యమునకు ముందున్న 310 మీటర్ల తిన్నని బాటలో, అనగా కాళ్లలోని సత్తువ యంతయు ఇంకిపోయిన సమయమున. 1990లో ఓగురి క్యాప్ అను బూడిదవన్నె గుఱ్ఱము తన కడపటి పరుగున ఇచ్చట గెలిచినప్పుడు చూడవచ్చిన జనము 1,77,779 మంది.

ఇట్టి పందెమునకును హరు ఉరారా అను ఆడుగుఱ్ఱమునకును వాస్తవ జీవితమున ఎట్టి సంబంధమును లేదు. 1996లో హొక్కైడోలో పుట్టి, షికోకు ద్వీపమందలి కోచి పట్టణపు చిన్న మైదానమున, ఇసుక బాటపై, 1998 నవంబరు మొదలు 2004 ఆగస్టు వఱకు 113 మాఱులు పరుగెత్తి ఒక్కమాఱైనను గెలువని గుఱ్ఱమది. ఆమెపై కాచి పోగొట్టుకొన్న పందెపు చీటీలను జనులు రహదారి ప్రమాదములనుండి కాపాడు రక్షలుగా దాచుకొనెడివారు. 2004 మార్చి 22న, జపానులో అగ్రగణ్యుడైన జాకీ తకే యుతకా ఆమెపై నెక్కి స్వారిచేయగా, దానిని చూచుటకు 13,000 మంది కోచికి తరలివచ్చిరి. ఆ 106వ పరుగున ఆమె పదునొకండు గుఱ్ఱములలో పదవదిగా వచ్చినది. ఈ యాదరమును కొందఱు వింతపై మోజుగా భావింతురు గాని, ఓడుచునే మరల బారులో నిలిచిన ఒక ప్రాణిని చూచి కష్టకాలమున నున్న సామాన్యులు ఊఱట పొందిరనుటయే సత్యమునకు చేరువయని నా నమ్మకము.

సైగేమ్స్ సంస్థ 2021 ఫిబ్రవరి 24న జపానులో వెలువరించిన ‘ఉమాముసుమే ప్రెట్టీ డెర్బీ’ అను గేమునందు పూర్వపు పందెపు గుఱ్ఱములు, వానివే పేర్లతో, గుఱ్ఱపు చెవులును తోకయు గల బాలికలుగా కనిపించును. ఆడువాడు ఒక్కొక్కరికి శిక్షకుడై మూడేండ్లపాటు తీర్చిదిద్దవలెను. ప్రతి పాత్రకును దాటవలసిన గమ్యములు కొన్ని ముందే నిర్ణయింపబడి యుండును. హరు ఉరారా గమ్యములు ఇసుక బాటపై పొట్టి పందెములతో సాగి, మూడవయేటి డిసెంబరున ఒక్కసారిగా అరిమా కినెన్ యెదుట నిలుచును. అచ్చట గెలువనక్కఱలేదు, పాల్గొన్న చాలును. కథ వ్రాసినవారే ఆమె గెలుచునని యెదురుచూడలేదన్నమాట. అట్లయ్యు వేలకొలది ఆటగాండ్రు, ఎవ్వరును అడుగని యా విజయమును ఆమెకు సంపాదించి పెట్టుటకై దినములు వెచ్చించిరి. 2025 జూన్ 26న ఆంగ్లరూపము వెలువడిన పిమ్మట ఈ పట్టుదల దేశదేశములకు ప్రాకినది. ఛీబా సముద్రతీరమందలి ఒంజుకులో ముదిమి గడపుచున్న నిజమైన హరు ఉరారాకు ఆటగాండ్రు విదేశములనుండి గూడ పచ్చగడ్డి పంపించిరి. ఆ యేడు సెప్టెంబరు 9న, 29 యేండ్ల వయస్సున, ఆమె కన్నుమూసినది.

ఆమెను అరిమాలో గెలిపించుటకై ఆటగాండ్రు చేయు సన్నాహ మెట్టిదో ఇక చూతము. గేమునందు ప్రతి పాత్రకును బాటపై, దూరముపై, పరుగు తీరుపై సహజపాటవము వేఱువేఱుగా అక్షరములతో సూచింపబడును. ‘ఎ’ యన్న మంచిది, దానికి మీద ‘ఎస్’, అట్టడుగున ‘జి’. హరు ఉరారాకు ఇసుక ‘ఎ’, పొట్టి దూరము ‘ఎ’. పచ్చిక ‘జి’, సుదీర్ఘ దూరము ‘జి’. అరిమాకు వలసినవి సరిగా ఈ కడపటి రెండే. దూరమందు ‘జి’ యున్నచో, ఎంత సాధన చేయించి వేగము పెంచినను, అంతిమ ధావనమున ఆ వేగమువలన కలుగవలసిన లాభము పదవవంతునకు క్షీణించును. బాటయందు ‘జి’ యున్నచో వేగమందుకొను శక్తియు అట్లే పడిపోవును. క్రొత్తగా ఆడువారు తెలియక ఇచ్చటనే దెబ్బతిందురు: సాధన చాలలేదనుకొని మఱింత సాధన చేయింతురు. చాలనిది సాధన గాదు, దానికి ముందుండవలసిన పునాది.

భారతమున నలుడు ఋతుపర్ణునకు అశ్వహృదయము నిచ్చి అక్షహృదయమును గైకొన్న కథ మనమందఱ మెఱిగినదే. గుఱ్ఱముల మనసెఱిగిన విద్య యొకటి, లెక్కయు పాచికయు నెఱిగిన విద్య మఱొకటి. ఈ పునాది వేయుటకు ఆ రెండును కలిసి వలయును. ప్రతి పాత్రకును ఇద్దఱు పూర్వీకులను, ఆ యిద్దఱికిని ఇద్దఱేసి చొప్పున మఱి నలుగురను ఎంచుకొనవలెను, వెరసి ఆఱుగురు. తమ మూడేండ్ల శిక్షణ ముగించినపుడు వీరిలో ఒక్కొక్కరు విడిచిన, ‘స్పార్క్’ అను గులాబివన్నె వారసత్వపు గుర్తు ఒక్కటి యుండును. అది ఒక పాటవమునకు చెందినదై, ఒకటి మొదలు మూడు నక్షత్రముల వఱకు కలిగియుండును. ఒకే పాటవమునకు చెందిన నక్షత్రములను కూడగా, ఒకటైన ఒక మెట్టు, నాలుగైన రెండు, ఏడైన మూడు, పదియైన నాలుగు మెట్లు ఆ పాటవము తొలిదినముననే పైకెక్కును. ఆఱుగురును మూడేసి నక్షత్రములవారే దొరకిరనుకొందము. ముగ్గురిని పచ్చికకును ముగ్గురిని దూరమునకును కేటాయించిన తొమ్మిదేసి నక్షత్రములై రెండును ‘జి’ నుండి ‘డి’ కి వచ్చును. నలువురను పచ్చికకిచ్చి ఇద్దఱను దూరమునకు మిగిల్చిన ఒకటి ‘సి’, ఒకటి ‘ఇ’ యగును. సమముగ పంచుటయే మేలని నా యభిప్రాయము. ఏలయన రెండవయేటను మూడవయేటను ఏప్రిల్ మాసారంభమున పూర్వీకుల ప్రేరణ మరల కలుగును, అపుడు కొఱత యేవైపున నున్నను తీరుట కవకాశముండును. ఆ ప్రేరణ ఎంతవఱకు ఫలించునో ముందుగా చెప్పుట యెవ్వరి తరమును గాదు.

అట్టి పూర్వీకులు సిద్ధముగా దొరకరు. సుదీర్ఘ దూరపు స్పార్క్ కావలెనని మెజిరో మెక్వీన్ అను పాత్రను శ్రద్ధగా పెంచినను, ఆమెకు ‘ఎ’ యున్న పాటవములలో ఏదో యొకటి యాదృచ్ఛికముగ వచ్చును. కోరినదే వచ్చినను మూడు నక్షత్రములతో వచ్చుట అరుదు. ఇద్దఱిలో ఒక్కరిని తోటి ఆటగాని యొద్ద ఎరువు తెచ్చుకొనవచ్చును, రెండవవారిని తానే పెంచుకొనవలెను. కావున అరిమాకై పడు శ్రమలో అధికభాగము హరు ఉరారా ఇంకను రంగమునకు రాకపూర్వమే, ఇతరులను పెంచుటయందే గడచును. ఈ గేమునందు నాకు మిక్కిలి నచ్చిన యంశ మిదియే.

ఆమె వంతు వచ్చినపుడు శిక్షకుని చేతిలో నుండునది 72 అడుగులు, అడుగొక్కటికి అరమాసము. అడుగున కొక్క పనియే: వేగము, స్టామినా, బలము, పట్టుదల, తెలివి యను ఐదింట నొకదానికి సాధన చేయించుటయో, విశ్రాంతి నిచ్చుటయో, షికారునకు తీసికొనిపోవుటయో, పందెమున నిలుపుటయో. సత్తువ తఱిగిన కొలది సాధన వికటించు ప్రమాదము హెచ్చును. మనసు క్రుంగినచో చేసిన సాధనయు తక్కువగ ఫలించును. జూలై ఆగస్టులలో సముద్రతీరపు వేసవి శిబిరమున అన్ని సాధనలును ఉత్తమస్థాయిలో జరుగును గావున, ఎఱిగినవారు దానికి ముందే ఆమెకు చాలినంత విశ్రాంతి నిత్తురు. కష్ట మెక్కడ నన, నడుమనున్న ఇసుక పందెములకు వేగము కావలెను, అరిమాకు స్టామినా కావలెను. ఆమెకు సహజముగ శీఘ్రాభివృద్ధి కలవి బలమును పట్టుదలయు, వేగమును స్టామినాయు గావు. వెంట తీసికొనిపోవు ఆఱు సహాయపు కార్డులలో స్టామినా కార్డులకు చోటిచ్చిన వేగము తగ్గును, వేగపు కార్డులు పెంచిన చివరి మిట్ట నెక్కలేక నిలిచిపోవును. బలము కొంత మాత్రము వృథాపోదు. మిట్టలపై వేగము నిలుపునది అదియే.

ఈ చిక్కు నుండి బయటపడవేయు ఉపాయము, పరుగు నడుమ ఊపిరి తీసికొనుటకు తోడ్పడు నైపుణ్యములను నేర్పించుట. సూపర్ క్రీక్ అను పాత్రయొక్క స్టామినా కార్డు మలుపులలో సత్తువను నిలుపు విద్య నొకదానిని నేర్పును. ఆఱు మలుపులున్న అరిమాకు ఇంతకన్న తగిన విద్య దొరకుట కష్టము. 1988లో నిజమైన సూపర్ క్రీక్‌పై స్వారిచేసి మూడువేల మీటర్ల కిక్క షో పందెము గెలిచిన యువకుడు తకే యుతకా. పదునాఱేండ్లకు కోచిలో హరు ఉరారాపై నెక్కినవాడును అతడే.

పరుగు తీరును మాత్రము మార్పనక్కఱలేదు. గుంపునకు వెనుకభాగమున నిలిచి చివర ముందునకు దూకు తీరు ఆమెకు ‘ఎ’. తిన్నని బాట పొట్టిది గావున, నాలుగవ మలుపు తిరుగునప్పటికి వెలుపలి వైపున దారి దొరకినచో ఆశ కలదు, గుంపు నడుమ చిక్కినచో లేదు. శిక్షకుడు చేయగలిగిన దంతయు అప్పటికి ముగిసియుండును, తెరవైపు చూచుటయే మిగులును. ఓడినపుడు, అంతవఱకు ప్రతి యోటమిని నవ్వుతో స్వీకరించిన యా బాలిక తొలిసారి కన్నీరు పెట్టుకొనును. ఆ దృశ్యమును ఒకసారి చూచినవారే మరల మొదటినుండి పూర్వీకులను వెదకుటకు పూనుకొందురు.

గెలిచినను ఓడినను, శిక్షణ ముగియగానే హరు ఉరారా తన స్పార్క్‌ను తానును విడుచును. సాధారణముగ అది ఇసుక బాటకో పొట్టి దూరమునకో చెందినదై యుండును. అరిమాకై పచ్చికపాటవమును ‘ఎ’ వఱకు పెంచియుండినచో పచ్చికదియు కావచ్చును. ఇసుకపై అడుగు పెట్టలేని మఱియొక పాత్రకు ఇసుక పందెము గమ్యముగా వచ్చినపుడు, పూర్వీకులను ఎంచుకొను పట్టికలో శిక్షకుడు ముందుగా వెదకునది ఆమె పేరే.