పాత కారు పెట్రోలు ట్యాంకు

కారు షెడ్డు తలుపు తెరవగానే పెట్రోలు వాసన ముక్కుకు తగిలినచో, “పాత బండి కదా, ఆ మాత్రము ఉండును” అని సరిపెట్టుకొనుట కొందరికి అలవాటు. ఇది ప్రమాదకరమైన అలవాటు. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. పైకి ఎగిరిపోక నేలబారుగా పాకి, గుంటలలో నిలుచును. గాలిలో అది నూటికి ఒకటిన్నర పాళ్లు చేరినదా, దీపము స్విచ్చిలో పుట్టు నిప్పురవ్వ చాలును.

2021లో మన మోటారు వాహనముల నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 సంవత్సరములు దాటి, మూలరూపము చెడని వాహనములను “వింటేజి” అని గుర్తించినారు. ప్రదర్శనలకు, ర్యాలీలకు వాటిని రోడ్డెక్కనిచ్చుచున్నారు. ఏడాదంతయు కదలని బండి ఒక్క ఆదివారము నాడు పెట్రోలు పోయించుకొని బయలుదేరుట యనగా, దాని ట్యాంకునకు అది కఠినపరీక్షయే.

ఉదాహరణకు ఫోర్డు మోడల్ ఎ కారును తీసికొందము. 1927లో వెలువడి, 48 లక్షలకు పైగా తయారైన కారు ఇది. దీనిలో ట్యాంకు వెనుక లేదు. ఇంజనునకును డ్రైవరునకును నడుమ, అద్దము క్రింద నున్నది. బయటికి కనిపించు ఆ పైరేకు కారు ఒంటిలో భాగమే, ట్యాంకునకు కప్పు కూడ అదియే. పంపు లేదు, సుమారు 38 లీటర్ల పెట్రోలు తన బరువుచేతనే కార్బురేటరునకు దిగును. ఏర్పాటు సులువైనదే గాని, కారిన పెట్రోలు ఎక్కడ పడునో ఆలోచింపుడు: డ్రైవరు మోకాళ్లమీద, లేదా వేడి ఇంజను చెంత.

నేనెరిగిన ఒక మిత్రుని బండిలో సరిగా ఇట్లే జరిగినది. ట్యాంకు చిల్లిపడినదని నిశ్చయించుకొని, దానిని విప్పుటకు పూనుకొన్నారు. ఈ కారులో అది చిన్న పని కాదు. స్టీరింగు కాడను పట్టియుంచు బిగింపు సైతము ఆ ట్యాంకు అడుగుననే ఉన్నది. సగము విప్పిన పిమ్మట ఎవరికో తోచి చూడగా, చిల్లి లేదు. పెట్రోలు మట్టము చూపు మీటరు చుట్టునున్న కార్కు వాషరు ఎండి బిగువు సడలినది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే కారుటకు, సగమైన పిమ్మట ఆగుటకు కారణమదియే. నాలుగు దినముల పని నాలుగణాల వాషరుతో తీరినది. కనుక ముందు మీటరు, కుళాయి, పైపు మరలు, మడ్డి చేరు గిన్నె అన్నియు చూచి, తర్వాతనే ట్యాంకు రేకును అనుమానింపవలెను.

చోటు కనిపెట్టుటకు సుద్ద మంచి సాధనము. అతుకులను తుడిచి ఆరనిచ్చి, సుద్దపొడిని నీటితో కలిపి పలుచగా పూయవలెను. ఆరిన తెల్లని పూతమీద పెట్రోలు తడి వెంటనే మరకగా తెలియును. అయితే పెట్రోలు అతుకు వెంబడి జారి, చిల్లికి దూరముగా బొట్టుకట్టును. అందుచేత మరక యొక్క పైకొనను చూడవలెను, క్రిందికొనను కాదు.

రేకు తుప్పు పట్టుట సాధారణముగా లోపలినుండియే. ఉక్కురేకుకు సీసము, తగరము కలిసిన పూత పూసి పాత ట్యాంకులు చేసెడివారు. సగము ఖాళీగానున్న ట్యాంకులో గాలిలోని తేమ రాత్రి చలికి నీరై, పెట్రోలుకంటె బరువగుటచే అడుగున నిలుచును. పూత గీచుకొనిపోయిన చోట తుప్పు మొదలై, సూదిమొనంత రంధ్రము పడును. నేడు మరియొక చిక్కు వచ్చినది. 2025 నాటికి మన దేశములో అమ్ము పెట్రోలులో 20 పాళ్ల వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు నీటిని పీల్చుకొనును, పాతకాలపు రబ్బరును ఉబ్బించును, లక్కపూతను కరగించును. మీటరులోని కార్కు తేలుబెండుకు లక్క పూసియున్నచో దానికిక రక్షణ లేదు.

ఇక బాగుచేయుట. దారిలో కారినపుడు బట్టలసబ్బు ముక్కతో చిల్లిని గట్టిగా రుద్దుట డ్రైవర్ల పాత ఉపాయము. సబ్బు పెట్రోలులో కరగదు గనుక అది పనిచేయును. ఇల్లు చేరువరకే సుమా! దానిని నమ్మి నెలలు గడుపువారు కలరు.

శాశ్వతమైన పనికి మాటు వేయవలెను. ఇక్కడనే ప్రాణములు పోవుచున్నవి. నిండు ట్యాంకుకంటె ఖాళీ ట్యాంకు భయంకరము. నిండుదానిలో మండుటకు తగినంత గాలి లేదు. ఖాళీదానిలో గాలియు ఆవిరియు చక్కగా కలిసియున్నవి. “మూడేండ్లుగా ఎండియున్నది, ఏమియు కాదు” అను మాట వర్కుషాపులలో ఎన్నోసార్లు విన్నాను. అతుకుల సందులలో, తుప్పుపొరలలో దాగిన పెట్రోలు వేడి తగులగానే మరల ఆవిరియగును. వెల్డింగు మంట కంటె ముందు ఆ ఆవిరి అంటుకొనును.

కావున బ్యాటరీ తీగ విప్పి, ఆరుబయట లోహపు డబ్బాలోనికి పెట్రోలును వంపవలెను. ట్యాంకును డబ్బాను రాగితీగతో కలుపుట మరువరాదు. పెట్రోలు ప్రవహించునపుడు పుట్టు స్థిరవిద్యుత్తు నిప్పురవ్వ కాకుండ అది కాపాడును. తర్వాత వేడినీటితో, చాకలిసోడాతో పలుమార్లు కడిగి, ఆవిరి పట్టించవలెను. తుప్పు రాల్చుటకు నీటితోపాటు గొలుసుముక్కలు వేసి ఊపుట వాడుక. 2000కు పూర్వము మన దేశములో సీసము కలిపిన పెట్రోలు అమ్మినారు; ఆ కాలపు ట్యాంకు మడ్డిని ఒట్టి చేతులతో తాకరాదు, దాని ధూళిని పీల్చరాదు.

మాటు వేయువాడు రేడియేటర్లు, ట్యాంకులు చేసి చేయి తిరిగినవాడై ఉండవలెను. ఇది ఇంట్లో నేర్చుకొనదగిన విద్య కాదు. కడిగిన ట్యాంకులో చిల్లి దరిదాపులవరకు నీరు నింపి, ఆవిరి నిలుచు చోటు లేకుండ చేసి, వేరుచోట కాచిన మాటుకోలతో అతడు పనిచేయును. తగరము సీసము కలిసిన మాటు 183 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగనారంభించును గనుక వెల్డింగు మంట అవసరము లేదు. చిల్లిచుట్టు రేకు గట్టిగానున్నచో, ఇత్తడిరేకు ముక్కకు ముందుగా కళాయి పట్టించి అతికించును. వేలితో నొక్కగా లోనికి పోవు రేకుకు మాటు దండుగ. దానిని కోసి కొత్తరేకు వేయవలసినదే.

లోపల పూయు ఎపాక్సీ పూతలు నేడు దొరకుచున్నవి. శుభ్రమైన, పొడిగానున్న రేకుమీదనే అవి నిలుచును. తుప్పుపై పోసినచో పొరలుపొరలుగా ఊడి పెట్రోలు దారిని మూయును. ఇథనాలుకు తాళునని స్పష్టముగా వ్రాసియున్న దానినే కొనవలెను. పాతరకపు పూతలు కొన్ని ఇథనాలులో జిగురై కరగినవి.

పరీక్షించుటకు గాలి కొట్టునపుడు తొందర పనికిరాదు. చదరపు అంగుళమునకు 2 పౌనుల ఒత్తిడియే ఐనను, చదరపు అడుగు రేకుపై అది 288 పౌనుల బరువగును. టైరుకు కొట్టునట్లు కొట్టినచో ట్యాంకు బుడగవలె ఉబ్బును. ఒక్క పౌను చాలును. అతుకులపై సబ్బునురుగు రాచి బుడగలకై చూడవలెను.

తిరిగి బిగించిన నాడు ఐదు లీటర్లు మాత్రమే పోసి, కారును బయటనే ఉంచి, క్రింద తెల్లకాగితము పరచి రాత్రియంతయు వదలవలెను. మరునాడు నిండుగా నింపి మరల చూడవలెను. పై అతుకులు, మీటరు వాషరు తడియుట అప్పుడే. రెండవ రాత్రి కూడ కాగితము పొడిగానున్న పిమ్మటనే బ్యాటరీ తీగ తగిలింపవలెను.