ఇంటి పనుల పంపకము

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునకు పడమటి దిక్కున లాడ్ బజారు కలదు. అచ్చట అమ్మెడి లక్క గాజులు చాలవరకు సందులలోని చిన్న చిన్న గదులయందే తయారగుచుండును. ఒకరు బొగ్గుల కుంపటిపై లక్కను మెత్తబరచి కడ్డీగా సాగదీయుదురు. వేరొకరు దానిని వలయముగా వంచి అతుకుదురు. అది చల్లారి గట్టిపడకమునుపే స్త్రీలు అద్దపు ముక్కలను, రంగురాళ్లను ఒక్కొక్కటిగా పొదుగుదురు. ఒకరి చేయి ఆగినచో తక్కినవారి పనియు నిలిచిపోవును. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది.

కుంపటి ఆరిన పిమ్మట వంటయింటి పొయ్యి వెలుగును. పగలెల్ల రాళ్లు పొదిగిన స్త్రీయే దానిని వెలిగించుట వాడుక. పగటి పనిలోని పంపకము ఆ గడప దాటదు. ఇది ఒక్క పాతబస్తీ సంగతి కాదు. భారత ప్రభుత్వము 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ననుసరించి, కూలిలేని ఇంటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వెచ్చించుచున్నారు. భేదము 201 నిమిషములు; అనగా మూడు గంటలకు పైమాటే. పరీక్షల దినములలో అక్క అంట్లు తోముచుండగా తమ్ముడు పుస్తకము ముందు కూర్చుండు ఇంటిలో ఈ లెక్క ఎవరి చదువును హరించునో వేరుగ చెప్పనక్కరలేదు.

పురుషులకు ఈ పనులు చేతగావందురా? రంజాను మాసమున పాతబస్తీ వీధులలో మట్టి భట్టీలపై మాంసమును, గోధుమలను గంటలకొలది ఉడికించి, కొయ్య ఘోట్నీలతో మెదిపి హలీము వండువారు మగవారే. బట్టలుతుకు రజకులలో, కుట్టు దర్జీలలో మగవారెందరో కలరు. కూలి దొరకు చోట పురుషుని పనియై, దొరకని చోట ఆడుపని యగుట వింతయే!

ఇంటిపనియన కంటికి కనబడునది మాత్రమే కాదు. నల్లా నీరు వచ్చు వేళను కనిపెట్టుట, బియ్యము నిండుకొన్నవని గుర్తించుట, తాతగారి మందు మరువకుండుట కూడ పనులే. “చెప్పిన చేసెదను” అను కుమారుడు చేతులను మాత్రమే ఇచ్చుచున్నాడు. జ్ఞాపకముంచుకొను భారము తల్లిమీదనే నిలుచును. కనుక పనిని ముక్కగా గాక మొత్తముగా అప్పగింపవలెను. నీటిపని కుమారునిదైనచో డ్రమ్ము కడుగుట, వేళకు మేల్కొనుట, నింపి మూత పెట్టుట అన్నియు వానివే. లక్క కరిగించువాడు ఎవరో చెప్పువరకు వేచియుండడు గదా! కూర్చుండి బియ్యములో రాళ్లేరుట, కూరలు తరుగుట వృద్ధులకును సాధ్యమే.

మొదటి దినములలో గిన్నెలకు మసి మిగులును, కూరలో ఉప్పు హెచ్చును. అంతమాత్రమున పనిని తల్లి మరల లాగుకొనరాదు. గాజులపని నేర్చువారికిని మొదట వలయములు వంకరగనే వచ్చును. ఆ లక్కను కరిగించి మరల వారి చేతికే ఇత్తురు.