పెరటి బార్బెక్యూ: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో మే చివరి సోమవారం మెమోరియల్ డే రాగానే పెరటి గ్రిల్లుల మీద కప్పిన ముసుగులు తీసేస్తారు. అక్కడి నుంచి జులై 4 మీదుగా సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే దాకా వారాంతాలన్నీ బార్బెక్యూలే. డాలస్, న్యూజెర్సీల్లో స్థిరపడిన మనవాళ్లూ ఈ సందడిలో ఎప్పుడో కలిసిపోయారు. బర్గర్ల పక్కనే తందూరీ లెగ్ పీసులు, పనీర్ టిక్కా, ఉప్పూ కారం నిమ్మరసం రాసిన మొక్కజొన్న పొత్తులూ కాలుతుంటాయి. వంకాయను నిప్పుల మీద కాల్చి పచ్చడి నూరుకునేవాళ్లకు ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. చిక్కల్లా గ్రిల్లు చుట్టూ చేరి తలా ఒక సలహా పారేసేవాళ్లతోనే. వాటిలో తరచూ వినిపించే మాటలూ, వాటిలోని నిజానిజాలూ ఇవీ.

అపోహ 1: ముందే పెద్ద సెగ మీద కాలిస్తే ముక్కలోని రసం బయటికి పోదు.

వాస్తవం: ఈ నమ్మకానికి ఊపు తెచ్చినవాడు 19వ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టస్ ఫాన్ లీబిగ్. పైపొర గట్టిపడి రసాన్ని లోపలే బిగించేస్తుందని ఆయన వాదం. అది నిజమైతే ముక్క ఊచల మీద పడ్డ కాసేపటికే చుర్రుమనడం ఆగిపోవాలి. ఆగదు. ఆ చప్పుడంతా బయటికొచ్చిన రసం ఆవిరైపోతున్న చప్పుడే. హెరాల్డ్ మెగీ 1984లో తెచ్చిన 'ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్' పుస్తకంలో ఈ అపోహను విప్పి చెప్పాడు.

అలాగని పెద్ద సెగ వృథా కాదు. మాంసకృత్తులు, చక్కెరలు వేడికి కలిసి ఎర్రగా మారేటప్పుడే ఆ కమ్మని వాసన, రుచి పుడతాయి. రసం నిలవాలంటే మాత్రం లోపలి భాగం అతిగా ఉడకకూడదు. అందుకు తేలిక దారి ఒకటుంది. నిప్పులన్నీ గ్రిల్లులో ఒక పక్కకు నెట్టండి. గ్యాస్ అయితే ఒక పక్క బర్నర్లే వెలిగించండి. నిప్పుల మీద ముక్కకు రంగు తెప్పించి, సెగ తక్కువున్న పక్కకు జరిపి, మూత వేసి మగ్గనివ్వండి. లెగ్ పీసులు పైన మాడి లోపల పచ్చిగా మిగలడమనే బాధ దీనితో తీరిపోతుంది.

అపోహ 2: రంగు చూస్తే ఉడికిందో లేదో చెప్పేయొచ్చు.

వాస్తవం: కంటిని నమ్మితే రెండు విధాలా దెబ్బే. లేత కోడిలో ఎముక మజ్జలోని రంగు బయటికి ఊరి, పూర్తిగా ఉడికాక కూడా ఎముక పక్కన ఎర్రగానే కనిపించవచ్చు. కీమాతో చేసిన బర్గర్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అది చాలినంత వేడెక్కక ముందే గోధుమరంగుకు తిరిగి ఉడికినట్టు భ్రమ పెడుతుంది. 

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్కలు ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోదగ్గవి. చికెన్ ఏదైనా 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్. మేక, గొర్రె, గొడ్డు మాంసాల కీమా 160. అవే మాంసాలు ముక్కలుగా అయితే 145, దించాక మూడు నిమిషాలు ఆగాలి. చేప 145. డిజిటల్ థర్మామీటర్ సూదిని ముక్కలో బాగా దళసరిగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా దించి చూడాలి.

కీమాకు ఎక్కువ వేడి ఎందుకంటే, ముక్కకు పైనే ఉండే సూక్ష్మజీవులు రుబ్బేటప్పుడు లోపలికంతా చేరతాయి. ఇంకో కిటుకు: బ్రెస్ట్ ముక్కను 165 దాటనిస్తే పీచులా ఎండిపోతుంది. తొడ ముక్క మాత్రం 175 దాటితేనే మెత్తబడి రుచిగా ఉంటుంది. ఇంటినిండా అతిథులున్నప్పుడు తొడ ముక్కలే శ్రేయస్కరం. కాస్త ఆలస్యంగా దించినా పరువు నిలబెడతాయి.

అపోహ 3: చికెన్‌ను పసుపు, ఉప్పు వేసి కడిగితేనే శుభ్రం.

వాస్తవం: బజార్లో అప్పటికప్పుడు కొట్టించుకున్న కోడికి ఈకలూ నెత్తురూ అంటి ఉండేవి కాబట్టి కడిగే అలవాటు వచ్చింది. సూపర్ మార్కెట్ ప్యాకెట్లో ఉన్నది శుభ్రం చేసి వచ్చినదే. కుళాయి కింద పెడితే తుంపర్లతో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి క్రిములు సింకుకూ, పక్కనున్న కీరా ముక్కలకూ అంటుతాయి. వాటిని చంపేది సెగే. పసుపునూ నిమ్మకాయనూ ఆ పనికి నమ్ముకోలేం. కాగితం తువ్వాలుతో తడి అద్దేస్తే చాలు, పైగా తడి లేని ముక్క త్వరగా ఎర్రబడుతుంది. అమ్మ చేతి అలవాటు వదలదంటారా? ముందు సలాడ్ పని ముగించి, ఆ తర్వాతే కడిగి, సింకును సబ్బుతో రుద్ది క్రిమిసంహారకంతో తుడవండి. పచ్చి ముక్కలు తెచ్చిన పళ్లెంలోనే కాలిన ముక్కలు పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

అపోహ 4: మసాలాలో ఎంతసేపు నానితే అంత మంచిది.

వాస్తవం: లోతుగా ఇంకేది ప్రధానంగా ఉప్పే. అల్లం వెల్లుల్లి, గరం మసాలాల ఘాటు పైన కొద్ది మిల్లీమీటర్లకు మించి పోదు. పెరుగులో చికెన్ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నా ఫరవాలేదు. పచ్చి బొప్పాయి అలా కాదు. అందులోని పపైన్ మాంసకృత్తుల్ని విరిచేస్తుంది, గంటల తరబడి ఉంచితే ముక్క పిండిపిండి అవుతుంది. నిమ్మరసంలో చేపకు అరగంట చాలు.

ఊచల మీదికి చేర్చేముందు పైన దట్టంగా ఉన్న మసాలాను తుడిచేయండి. వెల్లుల్లి ముద్ద మాడితే చేదు. బార్బెక్యూ సాస్‌లో చక్కెర ఉంటుంది కాబట్టి దించే ముందు చివరి నిమిషాల్లోనే పూయాలి. గిన్నెలో మిగిలిన మసాలా పచ్చి మాంసం తగిలినదే. మరిగించకుండా మళ్లీ పూయొద్దు.

అపోహ 5: ఒక్కసారే తిప్పాలి, పదేపదే తిప్పితే చెడిపోతుంది.

వాస్తవం: తరచూ తిప్పితే రెండు పక్కలా సెగ సమంగా తగిలి, త్వరగా కూడా ఉడుకుతుంది. మాడిన మాంసంలో ఏర్పడే హెటెరోసైక్లిక్ అమీన్లు అనే రసాయనాలూ తగ్గుతాయి. జంతువులపై జరిపిన ప్రయోగాల్లో అవి క్యాన్సర్ కలిగించాయి. నల్లగా మాడితేనే రుచి అనేవాళ్లకు ఈ సంగతి చెప్పండి. ముక్క ఊచలకు అంటుకుంటే మాత్రం లాగొద్దు, ఇంకాస్త కాలాక అదే వదులుతుంది.

అపోహ 6: అసలు రుచి బొగ్గులదే, గ్యాస్ గ్రిల్లుకు అది రాదు.

వాస్తవం: బాగా రాజుకున్న బొగ్గుకు సొంత వాసన అంతగా ఉండదు. కొవ్వూ రసమూ చుక్కలుగా వేడి మీద పడి లేచే పొగే ఆ రుచిలో చాలా భాగం, అది గ్యాస్ గ్రిల్లులోనూ లేస్తుంది. పొగ వాసన ఇంకా కావాలంటే హికరీ, ఆపిల్ చెక్కముక్కలు వేయండి. వాటిని నీళ్లలో నానబెట్టనక్కర్లేదు, ఆ తడి ఆవిరయ్యేదాకా పొగ రావడం ఆలస్యమవుతుంది, అంతే.

బొగ్గు వాడేవాళ్లు చిమ్నీ స్టార్టర్ కొనుక్కోండి. అడుగున పాత పేపరు అంటిస్తే 15, 20 నిమిషాల్లో బొగ్గుల మీద బూడిద పొర కడుతుంది. వంటకు అదే అదను. మండుతున్న బొగ్గుల మీద లైటర్ ఫ్లూయిడ్ పోయడం మాత్రం ప్రాణాంతకం.

అపోహ 7: మంట ఎగిస్తే నీళ్లు చల్లాలి, వాన వస్తే గ్యారేజీలోకి జరపాలి.

వాస్తవం: కాగిన కొవ్వు మీద నీళ్లు పడితే మంట చిమ్ముతుంది. ముక్కల్ని పక్కకు జరిపి మూత వేయండి, గాలి అందక మంట అణుగుతుంది. పెద్దదైతే గ్యాస్ కట్టేయాలి. గ్యాస్ గ్రిల్లును మూత తెరిచే వెలిగించాలి. ప్రొపేన్ గాలికన్నా బరువు, లోపలే పేరుకుని ఒక్కసారిగా భగ్గుమంటుంది. గ్యారేజీలోకి తెస్తే అగ్గి భయం ఒక్కటే కాదు, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. తలుపు తెరిచి ఉంచినా అది క్షేమం కాదు.

అపోహ 8: వేడిగా వండాం కదా, సాయంత్రం దాకా బల్ల మీద ఉన్నా ఏం కాదు.

వాస్తవం: 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. మాంసాన్నీ పెరుగు పచ్చడినీ బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఎండ 90 డిగ్రీలు దాటిన రోజున గంటే గడువు. టెక్సస్ వేసవిలో అది మామూలు ఎండే. మన కబుర్లు ఎలాగూ గంటలో తెమలవు కాబట్టి కొంచెం కొంచెంగా కాల్చి వడ్డించడం మేలు.

అపోహ 9: నిప్పుకు అంటు లేదు, శాకాహారం అదే గ్రిల్లు మీద కాల్చొచ్చు.

వాస్తవం: ఆరోగ్యం సంగతి ఎలా ఉన్నా, అతిథి మనసుకు అంటు ఉంటుంది. పనీర్, క్యాప్సికం, మొక్కజొన్న ముందుగా కాల్చి తీసేయండి, పట్టుకారు వేరే పెట్టండి. చిన్న గ్రిల్లు ఇంకోటి ఉంటే మరీ మంచిది. పనీర్ కరిగి కారిపోతుందన్న భయం వద్దు. పాలను పులుపుతో విరిచి చేసింది కాబట్టి సెగకు ఎర్రబడుతుందే గాని కరగదు.

ఈ వేసవికి కొత్త మసాలా పొడులు కొనేముందు ఒక మంచి థర్మామీటర్ కొనండి. మసాలా కొంచెం అటూ ఇటూ అయినా అతిథులు సర్దుకుపోతారు, పచ్చి చికెన్‌తో సర్దుకుపోయే కడుపు ఎవరికీ ఉండదు.