పుండు మానినా జబ్బు పోదు: మగవారికి ఉచిత సిఫిలిస్ పరీక్ష

(విశాఖపట్నం, ద్వారకా నగర్ పరిసరాల వారి కోసం)

సిఫిలిస్ లైంగిక సంబంధం వల్ల అంటుకునే జబ్బు. పెద్దవాళ్ళు దీన్నే సవాయి రోగం అనేవారు. రక్త పరీక్షతో తెలుస్తుంది, సూది మందుతో నయమవుతుంది. ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లో పరీక్ష, మందు రెండూ ఉచితం. అయినా చాలామంది రారు. సిగ్గు ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఈ జబ్బు నొప్పి పెట్టదు.

"నాకేటీ లేదు కదా!"

జబ్బు అంటిన సుమారు 3 వారాలకు (కొందరిలో 3 నెలల దాకా పట్టొచ్చు) అంగం మీదో, మలద్వారం దగ్గరో, నోట్లోనో పుండు లేస్తుంది. సాధారణంగా నొప్పి ఉండదు. గజ్జల్లో బిళ్ళలు కట్టొచ్చు. 3 నుంచి 6 వారాల్లో పుండు దానంతటదే మానిపోతుంది. మందుల షాపులో ఆయింట్‌మెంట్ కొని రాసినవారు దానివల్లే తగ్గిందనుకుంటారు. మానింది పుండే. క్రిమి అప్పటికే రక్తంలో చేరింది.

కొన్ని వారాల తర్వాత ఒంటి మీద దద్దుర్లు, అరచేతుల్లో, అరికాళ్ళలో మచ్చలు, జ్వరం రావచ్చు. జుట్టు అక్కడక్కడా ఊడొచ్చు. వేడి చేసిందనుకుంటే అవీ పోతాయి. తర్వాత ఏళ్ళ తరబడి పైకి ఏమీ కనబడదు. వైద్యం లేకపోతే కొందరిలో గుండె, మెదడు, నరాలు దెబ్బతింటాయి. కంటిచూపు, వినికిడికి మాత్రం ఏ దశలోనైనా ముప్పే.

అందుకే లక్షణం కోసం ఎదురుచూడకూడదు. రక్తమే చెప్పాలి.

కొందరినే ముందుగా ఎందుకు పిలుస్తారు?

ఇది పోర్టు ఊరు. లారీలు, ఓడలు, ఇల్లు వదిలి నెలల తరబడి పనిచేసే కూలీలు ఇక్కడ ఎక్కువ. మగవారితో సంబంధం ఉన్న మగవారు, ఎక్కువమందితో సంబంధం ఉన్నవారు, లారీ డ్రైవర్లు, వలస కార్మికుల మధ్య ఎయిడ్స్ నియంత్రణ సంస్థ తరఫున స్వచ్ఛంద సంస్థలు పనిచేస్తాయి. మగవారితో సంబంధం ఉన్న మగవారిని 6 నెలలకోసారి సిఫిలిస్ పరీక్షకు పిలుస్తారు. పిలిచారంటే తప్పు చేశారని కాదు. జబ్బు త్వరగా పాకే చోట ముందే పట్టుకుంటే ఆ గొలుసు అక్కడే తెగుతుంది. ఊరందరికీ ఒకే తీరున పరీక్ష చేస్తే ఆ ఫలితం రాదు.

పోలీసు భయం కొందరికి ఇంకా ఉంది. ఇష్టపూర్వకంగా ఉండే ఇద్దరు పెద్దవారి సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది. డాక్టరుకు నిజం చెప్పండి. నోరు, మలద్వారం కూడా చూడాలా అన్నది మీరు చెబితేనే ఆయనకు తెలుస్తుంది.

ఎక్కడికి వెళ్ళాలి?

ద్వారకా నగర్ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటో ఎక్కితే జగదాంబ మీదుగా కేజీహెచ్ చేరొచ్చు. ఓపీ చీటీ దగ్గర జబ్బు పేరు చెప్పక్కర్లేదు, "చర్మ వ్యాధుల విభాగం" అంటే చాలు. పనిలో పనిగా హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోండి. సిఫిలిస్ పుండు ఉంటే హెచ్‌ఐవీ సులువుగా అంటుకుంటుంది. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ ఒప్పుకోలు లేకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు.

పాజిటివ్ వస్తే?

తొలి దశలో బెంజాథిన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్కసారి తుంటికి ఇస్తారు. జబ్బు పాతదైతే వారానికోసారి, 3 వారాలు. మధ్యలో డ్యూటీ పడిందని ఆపేస్తే మళ్ళీ మొదటికి రావచ్చు. పెనిసిలిన్ పడదని తెలిస్తే ముందే చెప్పండి, వేరే మందు ఉంది. సూది వేసిన రోజు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు, ఒక రోజులో తగ్గుతాయి.

గత 3 నెలల్లో మీతో కలిసినవారికీ పరీక్ష, మందు అవసరం. ఇది చెప్పడం కష్టమే. కౌన్సిలర్‌ను అడగండి, ఎలా చెప్పాలో సాయం చేస్తారు. ఇంట్లో భార్య గర్భిణి అయితే ఒక్కరోజు కూడా ఆలస్యం వద్దు. తల్లికి జబ్బు ఉంటే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, లేదా జబ్బుతో పుట్టొచ్చు. సకాలంలో పెనిసిలిన్ ఇస్తే బిడ్డను కాపాడొచ్చు.

మందు పూర్తయి, పుండ్లు మానేవరకు కలవకండి. కండోమ్ ముప్పు తగ్గిస్తుంది గానీ, అది కప్పని చోట పుండు ఉంటే అంటుకుంటుంది. ఒకసారి నయమైనా మళ్ళీ రావచ్చు.

వైద్యం చేయించుకున్న కాగితం పారేయకండి. కొన్ని పరీక్షల్లో నయమైన తర్వాత కూడా జీవితాంతం పాజిటివ్ అనే వస్తుంది. గల్ఫ్ మెడికల్‌కు వెళ్ళేవారికి ఆ కాగితం ముఖ్యం. తగ్గిందో లేదో తేల్చేది ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్‌ఎల్ పరీక్షలో వచ్చే అంకె. అది తగ్గుతోందా అని డాక్టరు చెప్పిన నెలల్లో మళ్ళీ చూపించుకోవాలి.

అనుమానం ఉంటే 1097కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. పేరు చెప్పక్కర్లేదు.